పొదుపు, పరపతి సహకార సంఘం పెట్టడం ఎలా: పదిమంది కలిసిన రోజు నుంచి మొదటి మహాసభ దాకా

పల్లెలో పదివేలు అప్పు కావాలంటే ఈ రోజుకీ దారులు కొన్నే. నూటికి మూడో, ఐదో అడిగే వడ్డీ వ్యాపారి, బంగారం తాకట్టు, వారం వారం ఇంటిముందుకొచ్చి కూర్చునే ఫైనాన్స్ కంపెనీ మనిషి. బ్యాంకు ఉంది గానీ, చిన్న అప్పు కోసం నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని తిరగాలి. అదే ఊళ్లో నెలకు రెండు వందలు పక్కన పెట్టగల ఇళ్లు వంద ఉంటాయి. ఆ డబ్బును ఒకచోట చేర్చి, లెక్క తప్పకుండా చేతులు మార్చడమే పొదుపు, పరపతి సహకార సంఘం చేసే పని.

ఈ మార్గదర్శి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, అంటే జనం ‘మ్యాక్స్ చట్టం’ అని పిలిచే చట్టం కింద, కొత్తగా సంఘం పెట్టదలచిన వారి కోసం. మొదటి పేజీ నుంచి చివరి దాకా నేను పట్టుబట్టే సంగతి ఒక్కటే: డబ్బు సభ్యులదే కావాలి, అప్పు సభ్యులకే పోవాలి. బయటి డిపాజిట్లు, బయటి గ్రాంట్లు, ముక్కూమొహం తెలియని సభ్యులు... సంఘాలు మునిగిన చోట తవ్వి చూస్తే వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది.

ముందు చట్టం సంగతి

మన దేశంలో సహకార పరపతికి చట్టం 1904లో వచ్చింది. దానికి దారి వేసిన అధ్యయనం మన మద్రాసు ప్రెసిడెన్సీదే. ప్రభుత్వం పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ వెళ్లి అక్కడి రైతుల సంఘాలను చూసి, 1895, 1897ల్లో నివేదికలు ఇచ్చారు. ఆయనను బాగా ఆకట్టుకున్నవి జర్మనీలో రైఫైజన్ అనే సహకారవాది పెట్టిన పల్లె సంఘాలు. చిన్న పరిధి, ఒకరినొకరు ఎరిగిన సభ్యులు, ఎవరు ఎందుకు అప్పు తీసుకున్నారో అందరికీ తెలియడం వాటి బలం. ఆ సూత్రానికి నేటికీ కాలం చెల్లలేదు.

తర్వాతి కాలంలో దారి మళ్లింది. 1964 సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం సంఘాల్లో వాటాధనం పెట్టింది, దాంతోపాటు అధికారమూ తీసుకుంది. ఎన్నికలు ఎప్పుడు జరగాలి, పాలకవర్గం ఉండాలా ఊడాలా అన్నది సర్కారు చేతిలోకి పోయింది. ఈ పరిస్థితి మారాలని హైదరాబాద్‌లో సహకార సంఘాల అభివృద్ధికి పనిచేసే సహవికాస సంస్థ, దాని వెంట రామారెడ్డి వంటి సహకారవాదులు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. చివరకు 1995లో దేశంలోనే మొదటిసారిగా ప్రభుత్వ వాటాధనం లేని, సభ్యులే నడుపుకునే సంఘాల కోసం వేరే చట్టం వచ్చింది. ఆ తర్వాత కర్ణాటక 1997లో సౌహార్ద చట్టం తెచ్చుకుంది, మరికొన్ని రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. డ్వాక్రా అక్కచెల్లెళ్ల గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు రిజిస్టరైంది కూడా ఈ చట్టం కిందే.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. అది గ్రంథాలయాలకూ, సేవాసంస్థలకూ పనికొచ్చే చట్టం. పొదుపు తీసుకుని అప్పులిచ్చే పనికి కాదు. బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం కింద పెడదామని ఎవరైనా మొదటిరోజే అంటే, ఆ మనిషి ఉద్దేశం ఏమిటో అడిగి తెలుసుకోండి. ఒక ఊరి పొదుపు సంఘానికి రెండు రాష్ట్రాల పరిధితో పనిలేదు.

ఎవరితో మొదలుపెట్టాలి

చట్టం అడిగేది వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమందిని. ఒకే ఇంటి నుంచి నలుగురిని చేర్చి లెక్క పూర్తిచేస్తే కుదరదు. అయితే పదిమందితో నమోదు అవుతుందే గానీ సంఘం నిలబడదు. నెలకు రెండు వందల చొప్పున పదిమంది పొదుపు రెండు వేలు. అది ఖాతా పుస్తకాల ఖర్చుకూ చాలదు. ఒక ఊరిలో, ఒక కాలనీలో, ఒక మార్కెట్ యార్డులో, ఒక మిల్లులో పనిచేసేవారిలో వందమంది దాకా చేరే అవకాశం ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇల్లిల్లూ తిరగండి. మూడు ప్రశ్నలు అడగండి: నెలకు ఎంత తప్పకుండా పొదుపు చేయగలరు? పోయిన ఏడాది ఎక్కడ, ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు? ఎందుకు తెచ్చారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే మీ అప్పుల విధానానికి పునాది. పిల్లల ఫీజులు జూన్‌లో, విత్తనాలు ఎరువులు తొలకరికి, ఆస్పత్రి ఖర్చు ఎప్పుడైనా. అందరికీ ఒకే నెలలో డబ్బు కావాలంటే ఆ నెలకు నిల్వ ఎలా ఉంచాలో అప్పుడే ఆలోచించుకోవచ్చు.

పొదుపు మొత్తం నిర్ణయించేటప్పుడు అందరికంటే పేద సభ్యురాలు పంట లేని నెలలో కూడా కట్టగలిగేంత పెట్టండి. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో 1990ల్లో మొదలైన మహిళా పొదుపు సంఘాలు నెలకు పది రూపాయలతో మొదలుపెట్టి, సభ్యుల చేయి తిరిగాక పెంచుకుంటూ వచ్చాయి.

నమోదుకు ముందు మూడు నాలుగు నెలలు పొదుపు మాత్రమే చేసి చూడండి. ప్రమోటర్లలో, అంటే సంఘం పెట్టడానికి పూనుకున్న వారిలో, ఇద్దరు ముగ్గురి ఉమ్మడి ఖాతాలో వేయండి, రసీదు ఇవ్వండి. అప్పులు మాత్రం మొదలుపెట్టకండి, నమోదు కాని గుంపు డిపాజిట్లు తీసుకుని వడ్డీకి తిప్పితే చట్టంతో చిక్కు. ఈ నాలుగు నెలల్లో ఎవరు తేదీకి వస్తారో, ఎవరిని పిలిచి తేవాలో తెలిసిపోతుంది.

బైలా రాసుకోవడం

బైలా అంటే సంఘం తనకు తాను రాసుకునే నియమావళి. ఈ పనికి తొందర పడొద్దు. పక్క ఊరి సంఘం బైలా జిరాక్సు తీసి పేరు మార్చి ఇచ్చేవాళ్లు చాలామంది. 1995 చట్టం సంఘం నడకను దాదాపు మొత్తంగా బైలాకే వదిలేసింది. మీరు రాసుకోనిది రేపు తగాదా వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడదు. ఒక్కో అంశాన్ని సభ్యులందరి ముందు చదివి, అర్థమయ్యే తెలుగులో రాయండి.

పేరులో ‘బ్యాంకు’ అన్న మాట రాకూడదు. రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేని సంఘం ఆ మాట వాడటం బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి విరుద్ధం. పాత కరీంనగర్ జిల్లా ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి తదితరులు నెలకొల్పిన సంఘం పేరులో ‘గ్రామీణ బ్యాంకు’ ఉంది కదా అనొచ్చు; అది వేరే కాలం, వేరే చట్టం. మీరు ‘పొదుపు, పరపతి పరస్పర సహాయ సహకార సంఘం’ అని పెట్టుకోండి.

సభ్యత్వం ఎవరికి, పరిధి ఎంతవరకు అన్నది ఊరి పేరుతో సహా రాయండి. ‘జిల్లా అంతటా’ అని రాసుకుంటే సంఘం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, అవతలి మండలంలో అప్పు ఎగ్గొట్టిన మనిషి ఇల్లు ఎక్కడో పాలకవర్గంలో ఒక్కరికీ తెలియదు. నామమాత్రపు సభ్యులు, అసోసియేట్ సభ్యులు అంటూ పూర్తి హక్కులు లేకుండా పేరుకు చేర్చుకునే తరగతులే పెట్టకండి. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

వాటాధనం, నెల పొదుపు, ప్రవేశ రుసుము విడివిడిగా రాయండి. వాటా ఎంత ఉన్నా ఒక మనిషికి ఒకే ఓటు. పొదుపును సభ్యత్వం వదులుకున్నప్పుడే వెనక్కి తీసుకోవాలా, మధ్యలో తీసుకోవచ్చా అన్నది తేల్చుకోండి. నా మాట వింటే మధ్యలో తీసుకునే వీలు పెట్టకండి, అవసరానికి అప్పు ఉంది కదా. పొదుపు కదలకుండా ఉంటేనే సంఘానికి నిలకడైన పెట్టుబడి ఉంటుంది. దానికి బదులుగా ఏటా మంచి వడ్డీ కలపండి.

పాలకవర్గంలో ఎంతమంది, పదవీకాలం ఎంత, ఏటా కొందరు దిగిపోయి కొత్తవారు వచ్చే ఏర్పాటు ఉందా? తొమ్మిది మందిని పెట్టి ఏటా ముగ్గురికి ఎన్నిక జరపడం మంచి పద్ధతి. పాతవారిలో ఆరుగురు ఉంటారు కాబట్టి పని ఆగదు, ఏటా ఎన్నిక ఉంటుంది కాబట్టి కుర్చీ ఎవరికీ సొంతం కాదు. వరుసగా రెండుమూడు నెలలు పొదుపు కట్టనివారు, అప్పు వాయిదా మీరినవారు పోటీకి అనర్హులని రాయండి. అధ్యక్షుడి ఇంట్లోవాళ్లను ఉద్యోగంలో పెట్టుకోరాదనీ రాయండి. రాసేటప్పుడు మొహమాటంగా ఉంటుంది, రాయకపోతే తర్వాత అడిగే నోరు ఉండదు.

మిగులును ఏం చేయాలో, లోటు వస్తే ఎలా పూడ్చాలో రెండూ బైలాలో ఉండాలి. మొదటి అయిదేళ్లు మిగులులో పెద్ద భాగం రిజర్వు నిధికీ, లోటు భర్తీ నిధికీ వేయడం మేలు.

నమోదు

ప్రమోటర్ల సమావేశం పెట్టి బైలాను ఆమోదిస్తూ తీర్మానం రాయండి. దరఖాస్తు, సంతకాలు చేసిన బైలా ప్రతులు, దరఖాస్తుదారుల పేర్లు చిరునామాల జాబితా, తీర్మానం నకలు, రుసుము చలానా కలిపి జిల్లా సహకార అధికారి కార్యాలయంలో ఇవ్వాలి. చేతికిచ్చి రసీదు తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ కాగితం దాచుకోండి. ఆ తేదీ ముఖ్యం, ఎందుకంటే రిజిస్ట్రార్‌కు, అంటే సంఘాన్ని నమోదు చేసే సహకార శాఖ అధికారికి, చట్టం ఇచ్చిన గడువు 60 రోజులు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద సహకార ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. బైలా చట్టానికి లోబడి ఉంటే ఆపడానికి కారణం ఉండదు. సంఘం పెట్టుకోవడం ఇప్పుడు రాజ్యాంగం 19వ అధికరణంలో చేరిన హక్కు కూడా, 97వ సవరణ దానిని చేర్చింది. ఆఫీసులో ఎవరైనా ‘ఇంకా పైనుంచి రాలేదు’ అంటే మర్యాదగా రాతలో అడగండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక సర్వసభ్య సమావేశం పెట్టి పాలకవర్గాన్ని ఎన్నుకుని, సంఘం పేరున పాన్ తీసుకోండి. బ్యాంకులో సంఘం ఖాతా తెరిచి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం పెట్టి గుమాస్తాకు ఇచ్చే అలవాటు మొదటిరోజు నుంచే వద్దు.

పొదుపు రోజు

సంఘం బతికేదీ చచ్చేదీ ఇక్కడే, కాబట్టి వివరంగా చెప్పాలి. నెలలో ఒక తేదీ, ఒక చోటు, ఒక సమయం. మూడో తేదీ సాయంత్రం ఆరింటికి బడి వరండాలో అంటే, వాన వచ్చినా పండగ వచ్చినా అదే. సభ్యులను ఇరవై ముప్పై మందితో చిన్న గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక నాయకురాలిని పెట్టుకోండి. డబ్బు ఇళ్ల చుట్టూ తిరిగి వసూలు చేయకూడదు, సభ్యులే తెచ్చి కట్టాలి. ఇంటికొచ్చి తీసుకుపోయే మనిషి ఉన్నచోట సంఘం ఆ మనిషి జేబులోకి పోతుంది.

ఒక్కొక్కరి పాస్‌బుక్ తీసుకుని, డబ్బు లెక్కపెట్టి, ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, ఎక్కించి, తర్వాత అందరూ వినేలా చదవాలి: ‘లచ్చమ్మత్తా, ఈ నెల పొదుపు రెండొందలు, అప్పు వాయిదా ఏడొందల ఇరవై, వడ్డీ నూటెనిమిది. నీ పొదుపు నిల్వ రెండువేల ఆరొందలు, అప్పు నిల్వ ఆరువేల నాలుగొందల ఎనభై.’ చదువురాని సభ్యురాలికి ఆ నాలుగు అంకెలు నోటికి వచ్చేస్తాయి. వచ్చే నెల ఒక్క అంకె తేడా చదివినా ‘ఆగమ్మా’ అంటుంది. ఏ ఆడిటరూ పట్టలేని తప్పును ఆమె పడుతుంది.

చివర ఆ రోజు వచ్చిన మొత్తం, ఇచ్చిన అప్పులు, చేతిలో మిగిలింది రోజు చిట్టాలో రాసి ముగ్గురు సంతకం చేయాలి. మిగిలిన నగదు మర్నాడే బ్యాంకులో పడాలి. రోజు చిట్టా, సాధారణ ఆవర్జా, సభ్యుల ఆవర్జా, రసీదు పుస్తకం, వోచర్లు, తీర్మానాల పుస్తకం, సభ్యుల రిజిస్టరు చాలు. కంప్యూటర్ పెట్టుకోవచ్చు, కానీ పాలకవర్గంలో కనీసం ఇద్దరికి చేతి లెక్క వచ్చాకే.

అప్పు లెక్క

వందమంది, నెలకు రెండు వందలు అనుకుందాం. ఏడాదికి పొదుపు 2,40,000. ఒక్కొక్కరి పొదుపు 2,400. దానికి మూడు రెట్లు అప్పు ఇస్తామని బైలాలో ఉంటే ఒకరికి 7,200. ఉన్న డబ్బంతా ఇచ్చినా 33 మందికే పూర్తి అప్పు దొరుకుతుంది. అంటే మూడు రెట్లు అన్నప్పుడే ‘మిగతావాళ్లు వరుసలో ఆగుతారు’ అని ఒప్పుకున్నట్టు. ఈ సంగతి మొదటి సమావేశంలోనే చెప్పండి. వరుస ఎలా కట్టాలి, వైద్యానికి ముందు ఇవ్వాలా అన్నది సభ్యులే తేల్చుకోవాలి. ఆశపడి పది రెట్లు పెట్టిన చోట బలమున్న నలుగురు ఖజానా ఖాళీ చేస్తారు.

మూడు రెట్లకు ఇద్దరు జామీనుదారులు ఎందుకంటే, అప్పు తీసుకున్నవారి పొదుపు 2,400, జామీను నిలిచినవారివి చెరో 2,400, కలిపితే సరిగ్గా 7,200. అప్పుకు పూర్తి రక్షణ సంఘంలోనే ఉంటుంది, ఆస్తి కాగితాలతో పనిలేదు. అయితే ఒకరికొకరు ఎదురు జామీను పడకూడదు, ఒక్కరే నలుగురికి నిలబడకూడదు. ఆ రెండు నిబంధనలు లేకపోతే ఆ రక్షణ కాగితం మీదే ఉంటుంది.

వడ్డీ నూటికి రూపాయిన్నర, పది వాయిదాలు అనుకుంటే, మొదటి నెల అసలు 720, వడ్డీ 108. రెండో నెల నిల్వ 6,480 మీద వడ్డీ 97 రూపాయల 20 పైసలు. అలా తగ్గుతూ పది నెలలకు మొత్తం వడ్డీ 594. అదే అసలు మొత్తం మీద పదినెలలూ కడితే 1,080 అవుతుంది, బయట నూటికి మూడుకు తెచ్చి పదినెలల తర్వాత ఒకేసారి తీరిస్తే 2,160. వడ్డీ ఎప్పుడూ తగ్గే నిల్వ మీదే వేయండి.

పొదుపుకు ఎంత ఇవ్వాలి? రెండో ఏడు సగటు పొదుపు సుమారు 3,60,000 అనుకుని, అందులో తొంభై శాతం అప్పుల్లో ఉంటే వడ్డీ రాబడి 58,320. పొదుపు మీద ఏటా తొమ్మిది శాతం అంటే 32,400. లెక్కలు రాసే మనిషికి నెలకు వెయ్యి చొప్పున 12,000, పుస్తకాలు, ఆడిట్ వగైరా 6,000 పోగా 7,920 మిగులుతుంది. చూశారుగా, ఎంత సన్నని మిగులో. ఈ సంఘానికి అద్దె ఆఫీసు, ఏసీ గది, మేనేజరు పెడితే మొదటి ఏడాదే సభ్యుల పొదుపులో చేయి పెట్టినట్టే.

బకాయి విషయంలో మొదటి నెలే కదలాలి. వాయిదా తప్పిన వారం లోపు గుంపు నాయకురాలు ఇంటికెళ్లి కారణం కనుక్కోవాలి. నిజంగా కష్టముంటే తీర్మానం రాసి వాయిదాలు సర్దండి. కష్టం లేకుండా ఎగ్గొడితే జామీనుదారుల పొదుపు నుంచి కోత పడుతుందని వారిని పిలిచి చెప్పండి, చాలావరకు వారే కట్టిస్తారు. పాలకవర్గ సభ్యుల బకాయిలు వేరుగా ప్రతి సమావేశంలో చదవాలి. అప్పు తీరకముందే సభ్యులు చనిపోతే ఆ ఇంటిమీద భారం పడకుండా అందరూ కొద్దిమొత్తం వేసి ఒక నిధి నడుపుకోవచ్చు. వరంగల్, కరీంనగర్ సంఘాల్లో ‘అభయనిధి’ పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంది.

దాటకూడని గీతలు

సభ్యులు కానివారి దగ్గర డిపాజిట్ తీసుకోకూడదు. కమీషన్ ఏజెంట్లను పెట్టి, బ్యాంకుల కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామని బోర్డులు కట్టి, వంద రూపాయల రసీదుతో ‘సభ్యులను’ చేసి కోట్లు పోగుచేసిన మ్యాక్స్ సొసైటీలు కొన్ని మూతబడి రిటైరైనవాళ్ల జీవితకాలపు సంపాదన మింగాయి. మంచి చట్టానికి చెడ్డపేరు అక్కడే వచ్చింది. నామమాత్రపు, అసోసియేట్ సభ్యుల డిపాజిట్లు ప్రజల నుంచి తీసుకున్నట్టే లెక్క అని రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో హెచ్చరించింది. ఇలాంటి సంఘాల్లోని డబ్బుకు డిపాజిట్ బీమా లేదని కూడా అప్పుడే చెప్పింది. ఈ మాట మీ సభ్యులకు చేరేటప్పుడే చెప్పి, పాస్‌బుక్ మొదటి పేజీలో అచ్చువేయండి.

సభ్యులకు అప్పులిచ్చి వచ్చిన లాభానికి ఆదాయపు పన్ను చట్టంలో సహకార సంఘాలకు మినహాయింపు ఉంది, గడువులోగా రిటర్ను వేస్తేనే. 2017లో హైదరాబాద్‌కు చెందిన ఒక సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు ఇవ్వడానికి నిరాకరించింది; అసలు సభ్యులు కానివారితో, నామమాత్రపు సభ్యులతో లావాదేవీలు నడిపిందన్నది ప్రధాన కారణం. నగదు విషయమూ జాగ్రత్త. డిపాజిట్ గానీ అప్పు గానీ 20 వేలు, ఆపైన అయితే చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే జరగాలి. ఈసారి కట్టేది ఒక్కటే కాదు, అంతకుముందున్న నిల్వనూ కలిపి చూస్తారు. రెండుమూడేళ్లలో మామూలు సభ్యుల పొదుపు కూడా ఆ అంకె దగ్గరికి వస్తుంది కాబట్టి ముందే మీ ఆడిటర్‌ను అడిగి ఏర్పాటు చేసుకోండి.

మొదటి మహాసభ

మహాసభ అంటే ఏడాది లెక్కలు చూసుకోవడానికి సభ్యులందరూ కలిసే వార్షిక సమావేశం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్‌లోనే లెక్కలు తేల్చి ఆడిటర్‌కు ఇవ్వండి. ఆడిటర్‌ను నియమించేది మహాసభ, పాలకవర్గం కాదు. జమాఖర్చులు, ఆస్తి అప్పుల పట్టిక, బకాయిదారుల జాబితా తెలుగులో అచ్చువేసి సభకు వారం ముందే ప్రతి ఇంటికీ చేర్చండి. సభలో సన్మానాలు, అతిథుల ఉపన్యాసాలు ముందు పెడితే లెక్కల దగ్గరికి వచ్చేసరికి సగంమంది లేచి వెళ్లిపోతారు. అందుకే లెక్కలు మొదట, ప్రశ్నలు తర్వాత, బడ్జెటు, ఎన్నిక ఆపై, భోజనాలు అన్నిటికంటే చివర. వచ్చే ఏడాదికి వడ్డీ రేట్లు, పొదుపు మొత్తం మార్చాలంటే ఆ తీర్మానం అక్కడే జరగాలి. అడిగిన ప్రశ్నలూ చెప్పిన జవాబులూ మినిట్స్‌లో ఎక్కించి, అదే సభలో చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. ఆమోదించిన లెక్కలు, ఆడిట్ నివేదిక, కొత్త పాలకవర్గం పేర్లు గడువులోగా రిజిస్ట్రార్‌కు పంపి, అందినట్టు రాయించుకున్న నకలును ఫైల్లో పెట్టండి.